అడవిపై గ్రామసభ హక్కు: సామూహిక అటవీ వనరుల క్లెయిమ్ మొదటి నుంచి చివరి దాకా ఎలా వేయాలి

"పోడు పట్టా వచ్చింది. మరి తాతల నాటి నుంచి తునికాకు కోసుకున్న అడవి, పశువుల్ని తోలిన కొండ, వేల్పు కొలువున్న గుట్ట... వీటి మీద హక్కు ఎలా పెట్టుకోవాలి?" ఏజెన్సీ ఊళ్లలోని చదువుకున్న పిల్లలు ఈ ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. దానికి సమాధానం 2006 అటవీ హక్కుల చట్టంలోనే, సెక్షన్ 3(1)(ఐ)లో ఉంది. మన దగ్గర ఈ చట్టాన్ని ఆర్ఓఎఫ్ఆర్ (అటవీ హక్కుల గుర్తింపు) అంటారు. ఆ పేరు వినగానే పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది కాబట్టి, అడవి మొత్తానికి సంబంధించిన ఈ హక్కు చాలా ఊళ్లలో క్లెయిమ్ కూడా కాకుండా ఉండిపోయింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఫారం నింపడం ఒక పూట పని. అంతకు ముందు ఊళ్లో జరగాల్సిన పనికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. క్లెయిమ్ నిలబడేదీ పడిపోయేదీ ఆ పనిని బట్టే. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆఫీసుల గురించి కాదు, ఊరి గురించి ఉంటుంది.

1. ముందు తేల్చుకోండి: ఏ హక్కుకు ఏ ఫారం

ఫారం-ఎ వ్యక్తిగత హక్కుకు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులోనో నివాసంలోనో ఉన్న అటవీ భూమికి, గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా వర్తిస్తుంది. జనం పోడు పట్టా అనేది దీన్నే.

ఫారం-బి ఊరంతా కలిసి వాడుకునే హక్కులకు. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు, తేనె, అడ్డాకులు, కరక్కాయల వంటి అటవీ ఫలసాయం, మేత, చేపలు, నీటి వనరులు ఇందులోకి వస్తాయి.

ఫారం-సి సామూహిక అటవీ వనరుల హక్కుకు. ఆఫీసుల్లో సీఎఫ్ఆర్ అంటారు. బి ఫారంతో వచ్చేది వాడుకునే హక్కు. సి ఫారంతో ఆ అడవిని కాపాడే, మళ్లీ పెంచే, నిర్వహించే హక్కు వస్తుంది. అడవిలో ఏ చెట్టు నరకకూడదు, ఏ వైపు మేత ఆపాలి, వెదురు ఎప్పుడు కోయాలి అనేది గ్రామసభ నిర్ణయిస్తుంది. స్వపరిపాలన అనే మాట కాగితం మీద నుంచి నేల మీదకు దిగేది ఇక్కడే.

నా సలహా: బి, సి రెండూ ఒకేసారి వేయండి. హద్దు నడక, ఆధారాలు, సభ రెండింటికీ ఒకటే.

తరచూ వచ్చే మూడు సందేహాలు:

- రిజర్వ్ ఫారెస్ట్ కదా, వీలవుతుందా? అవుతుంది. రిజర్వ్ ఫారెస్ట్, అభయారణ్యం, నేషనల్ పార్కు ఏదైనా సరే, మీ ఊరు సంప్రదాయంగా వాడుకున్న అడవి అయితే చాలు. కవ్వాల్, అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం వంటి టైగర్ రిజర్వుల్లోని ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. వేట మాత్రం ఈ హక్కుల్లో లేదు.
- గడువు అయిపోయిందంటున్నారు? చట్టంలో ఆఖరి తేదీ లేదు. క్లెయిములు పిలిచాక మూడు నెలలు అని ఈ చట్టం అమలు కోసం చేసిన నిబంధనల్లో ఉన్నా, కారణాలు రాసి ఆ గడువును పొడిగించే అధికారం గ్రామసభదే.
- ఊళ్లో గిరిజనేతరులూ ఉన్నారు? ఉండవచ్చు. గిరిజనేతరుల అర్హతకు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. ఇక్కడ క్లెయిమ్ వేసేది మాత్రం గ్రామసభ. సభ్యుల జాబితాలో ఎవరు ఎస్టీ, ఎవరు ఇతర సంప్రదాయ అటవీ నివాసి అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు వంటి పీవీటీజీలకు (మరీ వెనుకబడిన ఆదిమ తెగలకు) వీటికి అదనంగా ఆవాస హక్కు, సెక్షన్ 3(1)(ఇ) కింద ఉంది. అది అనేక ఊళ్లను కలిపి చేసే పని. ఈ వ్యాసంలో దాని జోలికి వెళ్లడం లేదు.

2. మీ గ్రామసభ ఏది?

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. పంచాయతీ ఆఫీసు దగ్గర జరిగే గ్రామసభ మీ గ్రామసభ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో (ఏజెన్సీలో) పంచాయతీ వ్యవస్థకు వర్తించే పీసా చట్టం, 1996 ప్రకారం గూడెమో, కొన్ని గూడేల గుంపో, తమ వ్యవహారాలు తాము సంప్రదాయం ప్రకారం నడుపుకునే ఆవాసం ఏదైనా సరే, అదే గ్రామం. అటవీ హక్కుల చట్టం కూడా ఆ నిర్వచనాన్నే తీసుకుంది. 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఆ సభలో సభ్యులే.

పంచాయతీ స్థాయిలో సభ పెడితే ఏమవుతుంది? నాలుగు కిలోమీటర్ల అవతలి గూడెం నుంచి ఆడవాళ్లు రాలేరు, కోరం (సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) నిండదు. నిండినా మీ అడవి గురించి తెలియని వాళ్లు చేతులెత్తుతారు. రేపు ఎవరైనా అభ్యంతరం పెడితే ఫైలంతా మొదటికి వస్తుంది. కాబట్టి గూడెం స్థాయిలోనే పెట్టండి. రెండు మూడు గూడేలు ఒకే అడవిని కలిసి వాడుకుంటుంటే, కలిసి ఒకే గ్రామసభగా కూర్చోవాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోండి.

సభ్యుల జాబితా తయారు చేయడానికి ఓటర్ల లిస్టు మంచి ఆధారం. కానీ దాని మీదే ఆధారపడొద్దు. పెళ్లయి వచ్చిన కోడళ్లు, కొత్తగా 18 నిండినవాళ్లు, వలస వెళ్లి పండగలకు వచ్చేవాళ్లు అందులో ఉండకపోవచ్చు. ఇంటింటికీ తిరిగి సరిచూసుకోండి. కోరం లెక్క ఈ జాబితా మీదే నిలబడుతుంది.

3. అటవీ హక్కుల కమిటీ: పాతది ఉందా, పనికొస్తుందా?

గ్రామసభ తరఫున క్లెయిమ్ తయారు చేసేదీ, తనిఖీ చేసేదీ ఈ కమిటీయే. 2008 ప్రాంతంలో చాలా చోట్ల కమిటీలు వేశారు. వాటిలో కొందరు చనిపోయారు, కొందరు ఊరు వదిలారు, కొన్ని పంచాయతీ స్థాయిలోనే ఉండిపోయాయి. పాత కమిటీ పేర్లు తెప్పించి చూసి, అవసరమైతే గ్రామసభలో కొత్తగా ఎన్నుకోండి.

చూసుకోవాల్సినవి:

☐ సభ్యులు 10 నుంచి 15 మంది
☐ వారిలో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎస్టీలు
☐ కనీసం మూడో వంతు మహిళలు
☐ అధ్యక్షుడు, కార్యదర్శి ఎన్నికైనట్టు తీర్మానంలో ఉంది
☐ ఈ సమాచారం రాతపూర్వకంగా (ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ అధ్యక్షతన ఉండే) సబ్ డివిజన్ స్థాయి కమిటీకి చేరింది, రసీదు మీ దగ్గర ఉంది

మహిళల్ని లెక్క కోసం పెట్టొద్దు. అడ్డాకు ఎక్కడ దొరుకుతుందో, ఎండాకాలంలో ఏ ఊట ఎండదో, ఏ దుంప ఏ వాలులో ఉంటుందో వాళ్లకే బాగా తెలుసు. మ్యాప్ గీసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మగవాళ్లు చెప్పే అడవి ఎక్కువగా పశువుల దారి వెంట, కలప వైపు ఉంటుంది. ఆడవాళ్లు చెప్పే అడవి దానికన్నా వెడల్పు.

ఇంకొక జాగ్రత్త: వన సంరక్షణ సమితి వేరు, ఈ కమిటీ వేరు. వీఎస్ఎస్ అటవీ శాఖ ఏర్పాటు చేసిన సంఘం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు సామూహిక టైటిళ్లు (హక్కు పత్రాలు) వీఎస్ఎస్‌ల పేరున ఇచ్చారు. అది చట్టానికి విరుద్ధం, ఎందుకంటే హక్కుదారు గ్రామసభ. మీ ఊళ్లో అలాంటి కాగితం ఉంటే "హక్కు వచ్చేసింది" అనుకోకుండా, గ్రామసభ పేరున తిరిగి క్లెయిమ్ వేయండి.

4. హద్దు గీయక ముందు పొరుగు ఊళ్లతో కూర్చోండి

ఈ అడుగు దాటేసి మ్యాప్ గీసిన ఊళ్లు తర్వాత చాలా ఇబ్బంది పడతాయి. మీ మ్యాప్ చూసి పొరుగు గూడెం అభ్యంతరం పెట్టిందంటే, ఫైలు ఆపడానికి అంతకన్నా మంచి సాకు ఎవరికీ అక్కర్లేదు.

పొరుగు గూడేల పెద్దలనూ, అటవీ హక్కుల కమిటీలనూ పిలవండి. లేదా మీరే వెళ్లండి. రెండు ఊళ్లూ వాడుకునే చోటు ఉంటే "మాదా, మీదా" అని తెంచుకోవాల్సిన పని లేదు. ఉమ్మడి వాడకం అని రాసి, రెండు మ్యాపుల్లోనూ చూపించవచ్చు. ఫారం-సిలో సరిహద్దు గ్రామాల పేర్లతో పాటు, వాటితో వనరులు, బాధ్యతలు ఎలా పంచుకుంటున్నారో రాసే చోటు ఇందుకే ఉంది.

ఒప్పందం నోటిమాటగా వదలొద్దు. ఒక పేజీలో రాయండి: ఏ వాగు దాకా ఎవరిది, ఏ గుట్ట ఉమ్మడి, ఏ కాలంలో ఎవరి పశువులు ఎటు పోతాయి. రెండు వైపులా సంతకాలు, వేలిముద్రలు. ఎంతకీ తేలకపోతే రెండు ఊళ్ల కమిటీలు ఉమ్మడిగా కూర్చుని తమ వాదనలు రాసి గ్రామసభలకు ఇవ్వాలి. గ్రామసభల మధ్య కూడా కుదరకపోతేనే సబ్ డివిజన్ కమిటీకి పోవాలి. అంతదాకా రానివ్వకండి.

5. హద్దు నడక, మ్యాప్

ఎప్పుడు: జనవరి, ఫిబ్రవరి నెలలు బాగుంటాయి. కోతలు అయిపోయి జనం ఖాళీగా ఉంటారు. వాగుల్లో నీళ్లు తగ్గుతాయి, ఆకు రాలి కొండ వాలు కనిపిస్తుంది. ఇప్పపువ్వు, తునికాకు సీజన్ మొదలైతే ఎవరూ దొరకరు.

ఎవరు: ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు, పశువులు కాసేవాళ్లు, ఫలసాయం ఏరే మహిళలు, మందుమాకులు తెలిసిన వాళ్లు, ఫోన్ బాగా వాడటం తెలిసిన పిల్లలు ఇద్దరు. పొరుగు ఊరి హద్దు వచ్చిన చోట ఆ ఊరివాళ్లు.

ముందుగా నేల మీద మ్యాప్. నడకకు ముందు రోజు ఊరి మధ్య ముగ్గుపిండి, రాళ్లు, ఆకులతో అడవిని నేల మీద వేయించండి. ముసలివాళ్లు పేర్లు చెబుతుంటే ఒకరు నోట్‌బుక్‌లో రాయాలి. ప్రతి గుట్టకూ, వాగుకూ, మడుగుకూ ఊళ్లో పిలిచే పేరు ఉంటుంది. అటవీ శాఖ రికార్డులో ఆ చోటు ఒట్టి కంపార్ట్‌మెంట్ (శాఖ అడవిని విడగొట్టుకున్న ముక్క) నంబర్‌గా ఉంటుంది. మీ పేర్లే రాయండి. ఆ చోటుతో మీ ఊరికి ఎంత పాత సంబంధం ఉందో పేర్లే చూపిస్తాయి. నేల మ్యాప్ ఫోటో తీసి, కాగితం మీదకు ఎక్కించండి.

నడిచేటప్పుడు:

1. హద్దు మలుపు తిరిగే ప్రతి చోటా ఆగి, ఫోన్‌లోని జీపీఎస్ యాప్‌తో పాయింట్ తీసుకోండి. నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. దట్టమైన చెట్ల కింద పాయింట్ పక్కకు పోతుంది కాబట్టి కాస్త తెరిపిగా ఉన్న చోట నిలబడి, రీడింగ్ కుదురుకునే దాకా ఆగండి.
2. అక్కడే నోట్‌బుక్‌లో రాయండి: పాయింట్ నంబర్, అక్షాంశ రేఖాంశాలు, ఆ చోటి పేరు, దగ్గర్లో గుర్తు. ఫోన్ పాడైతే నోట్‌బుక్ మిగులుతుంది.
3. ప్రతి పాయింట్ దగ్గరా ఫోటో తీయండి. అందులో మనుషులుంటే ఇంకా మంచిది.
4. హద్దు దగ్గరే ఆగిపోవద్దు. లోపల ఉన్న ఊటలు, చెరువులు, శ్మశానం, వేల్పు స్థలం, పాత ఊరి ఆనవాళ్లు, మేత బీళ్లు, తేనె పట్టే కొండచరియలు అన్నిటికీ పాయింట్లు తీసుకోండి. రేపు ఆధారాలు అయ్యేవి ఇవే.
5. అటవీ శాఖ హద్దు రాయి కనిపిస్తే దానిపై ఉన్న నంబర్ రాసుకోండి. కంపార్ట్‌మెంట్ నంబర్ తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒక్క రోజులో అయిపోవాలని టెన్షన్ పడొద్దు. తొందరపడి కొండ ఎక్కకుండా కింద నుంచే గీసిన గీత, తనిఖీ రోజు కొండ మీద నిలబడ్డప్పుడు తప్పని తేలుతుంది.

అధికారుల మ్యాపులు అడగండి. గ్రామసభకు, కమిటీకి అటవీ, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితా ఇవ్వడం సబ్ డివిజన్ కమిటీ బాధ్యత. 12(4) నిబంధన ప్రకారం గ్రామసభ రాతపూర్వకంగా అడిగితే ఏ శాఖ అయినా రికార్డుల ధ్రువీకృత ప్రతులు ఇవ్వాలి. ఈ లేఖ నడకకు ముందే పెట్టండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు బీట్ హద్దునే ఊరి హద్దుగా ఒప్పేసుకోవడం. "బీట్ మ్యాప్ ఉంది కదా, దాన్నే జత చేయండి" అని ఎవరైనా సులువు మార్గం చెప్పవచ్చు. బీట్ అంటే అటవీ శాఖ తన పని సౌకర్యం కోసం గీసుకున్న విభాగం. మీ సంప్రదాయ హద్దు రెండు బీట్లలో ఉండవచ్చు, వేరే రేంజ్‌లోకి పోవచ్చు, రెవెన్యూ కొండపోరంబోకు మీదుగా సాగవచ్చు. చట్టం అడిగేది సంప్రదాయ హద్దును. విస్తీర్ణం కూడా అంతే. ఇంత మించి అడగకూడదని సామూహిక హక్కుకు పరిమితి లేదు. 4 హెక్టార్ల పరిమితి వ్యక్తిగత సాగు భూమికి మాత్రమే. అలాగని వాడని అడవిని కలుపుకోవద్దు. ప్రతి పాయింట్‌నూ తనిఖీలో నిలబెట్టుకోవాల్సింది మీరే.

6. ఆధారాలు: కాగితాలు లేకపోతే కంగారు పడకండి

13వ నిబంధన ప్రకారం ఒకటి కన్నా ఎక్కువ రకాల ఆధారాలు ఉంటే చాలు. ఫలానా కాగితమే కావాలని ఏ కమిటీ పట్టుబట్టకూడదు. ఉపగ్రహ చిత్రాలు మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటి స్థానంలో నిలవవు.

సామూహిక వనరులకు పనికొచ్చేవి:

☐ మేత బీళ్లు, ఫలసాయం, దుంపలు, పశుగ్రాసం సేకరించే చోట్ల జాబితా, ఫోటోలు
☐ చేపలు పట్టే మడుగులు, తాగునీటి ఊటలు, సాగునీటి కాలువలు
☐ వేల్పు చెట్లు, పవిత్ర వనాలు, శ్మశానాలు
☐ పాత ఊరి ఆనవాళ్లు, బావులు, ఊరివాళ్లు కట్టిన కట్టలు
☐ నాటువైద్యులు మందుమాకులు తెచ్చుకునే ప్రాంతం
☐ పెద్దల వాంగ్మూలాలు
☐ గిరిజన సహకార సంస్థకు ఫలసాయం అమ్మిన రసీదులు, తునికాకు కల్లం కార్డులు
☐ అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణకు శాఖ రాసుకునే ప్రణాళిక), పాత సెటిల్‌మెంట్ రికార్డులు, గెజిటీర్లలో మీ ఊరి ప్రస్తావన

పెద్దల వాంగ్మూలం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని రెండు వాక్యాల్లో ముగించేస్తుంటారు. "మా తాతల కాలం నుంచి ఈ అడవి వాడుకుంటున్నాం" అని పదిమందితో ఒకే వాక్యం రాయిస్తే అది ఎవరినీ ఒప్పించదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి. చిన్నప్పుడు పశువుల్ని ఎటు తోలేవాళ్లు? కరువు ఏడాది ఏ దుంపలు తవ్వారు, ఎక్కడ? ఇంటి వాసాలకు వెదురు ఎక్కడి నుంచి వచ్చేది? కొలుపు ఎక్కడ చేస్తారు, ఎవరు చేస్తారు? ఏ చెట్టు కొట్టకూడదని కట్టుబాటు ఉండేది? వాళ్ల మాటల్లోనే రాయండి, చదివి వినిపించండి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకోండి. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పెద్దలైతే వాళ్ల భాషలోనే అడిగి తెలుగులో రాయండి.

అడవిలోకి వెళ్లినందుకు ఎప్పుడో వేసిన జరిమానా రసీదులు, కేసు కాగితాలు ఉంటే పారేయొద్దు. ఆ ఏడాది మీరు ఆ అడవిలో ఉన్నారని రాసింది అటవీ శాఖే. అలాంటి కాగితాలనే ఏకైక కారణంగా చూపి క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదని నిబంధన స్పష్టంగా చెబుతోంది.

7. నోటీసు, క్షేత్ర తనిఖీ

మ్యాప్, ఆధారాలు సిద్ధమయ్యాక కమిటీ తనిఖీ తేదీ ప్రకటించాలి. అటవీ, రెవెన్యూ శాఖలకు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. కనీసం రెండు వారాల ముందు ఇవ్వడం మంచిది. చేతికిచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పొరుగు గ్రామసభలకూ కబురు పంపండి.

నోటీసు అందాక ఆ రెండు శాఖల అధికారులు తనిఖీకి రావాలి. పంచనామాపై హోదా, తేదీ, తమ వ్యాఖ్యలతో సంతకం పెట్టాలి.

రాకపోతే? తనిఖీ ఆపొద్దు. ఎవరెవరికి ఎప్పుడు నోటీసు ఇచ్చారో, ఎవరు రాలేదో పంచనామాలో రాసి పని పూర్తి చేయండి. తమ ప్రతినిధి లేరని అటవీ శాఖ తర్వాత అభ్యంతరం పెడితే, ఆ అంశంపై మరోసారి తనిఖీకి క్లెయిమ్ గ్రామసభకు తిరిగి వస్తుంది. రెండోసారి కూడా రాకపోతే గ్రామసభ నిర్ణయమే అంతిమం. ఇదంతా 12ఎ నిబంధనలో ఉంది. ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి, అవసరమైనప్పుడు చూపించవచ్చు.

వచ్చి సంతకం పెట్టనంటే? వచ్చినట్టు, నిరాకరించినట్టు రాయండి. ఫోటో తీయండి. వాదన పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

8. గ్రామసభ తీర్మానం

కమిటీ తన నివేదికను గ్రామసభ ముందు పెడుతుంది. ఈ సభకు కోరం ఖచ్చితంగా ఉండాలి:

☐ మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు
☐ హాజరైన వారిలో కనీసం మూడో వంతు మహిళలు
☐ హక్కులు కోరుతున్న వారిలో, లేదా వారి ప్రతినిధుల్లో, కనీసం సగం మంది హాజరు
☐ హాజరై ఓటు వేసిన వారిలో మెజారిటీ ఆమోదం

ఉదాహరణకు గూడెంలో 120 మంది వయోజనులుంటే 60 మంది రావాలి. ఆ 60 మందిలో 20 మంది మహిళలు ఉండాలి. కోరం నిండకపోతే సభ వాయిదా వేసి మళ్లీ పెట్టండి. ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు నింపే పని మాత్రం చేయొద్దు. ఆ ఒక్క కారణంతో న్యాయమైన హక్కు కూడా అనుమానంలో పడుతుంది.

మ్యాప్‌ను గోడకు పెట్టి, హద్దులు గట్టిగా చదివి వినిపించండి. అభ్యంతరం చెప్పినవారి మాట కూడా రాయండి. తీర్మానం ఇలా ఉండవచ్చు:

> "……… గూడెం గ్రామసభ ……… తేదీన ……… వద్ద సమావేశమైంది. మొత్తం సభ్యులు ……, హాజరైనవారు ……, వారిలో మహిళలు ……. అటవీ హక్కుల కమిటీ నివేదిక, మ్యాప్, ఆధారాలు సభలో చదివి వినిపించడమైనది. జతపరచిన మ్యాప్‌లోని ప్రాంతం మా సంప్రదాయ హద్దులలోని సామూహిక అటవీ వనరు. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం దానిని కాపాడే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు ఈ గ్రామసభకు ఉన్నది. ఈ హక్కును గుర్తించి గ్రామసభ పేరున టైటిల్ జారీ చేయాలని, ఈ తీర్మానాన్ని సబ్ డివిజన్ స్థాయి కమిటీకి పంపాలని తీర్మానించడమైనది."

తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలోనే రాయండి. కింద ఖాళీ వదలకుండా సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. విడి కాగితాల మీద సంతకాలు తీసుకోవడం, ఖాళీ పేజీ మీద ముందే సంతకం చేయించడం ప్రమాదకరం. పంచాయతీ కార్యదర్శే గ్రామసభకూ కార్యదర్శి. పుస్తకం ఆయన దగ్గర ఉన్నా ప్రతి పేజీ ఫోటో ఊళ్లో ఉండాలి.

9. ఫైలు కట్టడం, ఇవ్వడం

ఇక ఫారాలు. గ్రామసభ తరఫున వీటిని నింపేది అటవీ హక్కుల కమిటీ. ఫారాలు ఉచితంగా ఇవ్వాలి. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

☐ ఫారం-బి, ఫారం-సి
☐ గ్రామసభ సభ్యుల జాబితా
☐ మ్యాప్, జీపీఎస్ పాయింట్ల పట్టిక
☐ పొరుగు ఊళ్లతో రాసుకున్న ఒప్పందాలు
☐ ఆధారాలు, వరుస నంబర్లతో
☐ నోటీసుల రసీదులు, తనిఖీ పంచనామా
☐ గ్రామసభ తీర్మానం, హాజరు

ప్రతి పేజీకీ నంబర్ వేయండి. మూడు సెట్లు చేయండి: ఒకటి ఇవ్వడానికి, ఒకటి ఊళ్లో, ఒకటి ఊరి బయట నమ్మకమైన చోట. ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ అధ్యక్షతన ఉండే సబ్ డివిజన్ కమిటీకి ఇచ్చి, మొత్తం పేజీల సంఖ్యతో సహా రసీదు తీసుకోండి. ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) ఒక ప్రతి ఇస్తే మంచిది. కానీ దాన్ని అసలు దరఖాస్తుగా లెక్కపెట్టుకోవద్దు.

10. ఫైలు ఆగితే, కోత పెడితే, కొట్టేస్తే

కదలకపోతే గ్రామసభ పేరున లేఖ రాయండి. జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి: మా క్లెయిమ్ ఏ తేదీన కమిటీ ముందుకు వచ్చింది, ఆ సమావేశం మినిట్స్ ఏమిటి, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. "ఎందుకు ఆలస్యం" అని అడగకండి, కాగితాలు అడగండి. ఒక ఊరికి సామూహిక అటవీ వనరుల హక్కు గుర్తించకపోతే ఆ కారణాలను జిల్లా కమిటీ కార్యదర్శి రికార్డు చేయాలని 12బి నిబంధన చెబుతోంది. ఆ కారణాల ప్రతి కూడా అడగండి.

విస్తీర్ణం తగ్గిస్తే అది కూడా తీర్మానాన్ని మార్చడమే. దానికి వివరమైన కారణాలు రాతలో ఇవ్వాలి. నోటిమాటగా "ఇంతకు ఒప్పుకోండి, త్వరగా అవుతుంది" అంటే ఒప్పుకోవద్దు. కొత్త మ్యాప్ మీద సంతకం పెట్టమంటే గ్రామసభలో పెట్టి చర్చించాలని చెప్పండి. కమిటీ అధ్యక్షుడు ఒక్కడే సంతకం పెట్టే అధికారం ఎక్కడా లేదు.

తిరస్కరిస్తే ఉత్తర్వు లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. సబ్ డివిజన్ కమిటీ నిర్ణయంపై 60 రోజుల్లో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పిటిషన్ వేయాలి. ఆలస్యమైతే మరో 30 రోజులు పొడిగించే అవకాశం ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సాంకేతిక, విధానపరమైన లోపాల పేరుతో కొట్టేయకూడదన్న నిబంధనను పిటిషన్‌లో తప్పకుండా రాయండి. వాళ్లు చూపిన ప్రతి కారణానికీ ఒక్కో పేరాలో, ఫైలు పేజీ నంబర్‌తో సమాధానం ఇవ్వండి.

జిల్లా కమిటీ నిర్ణయం చట్టం ప్రకారం అంతిమం. ఆ తర్వాత మార్గం హైకోర్టులో రిట్. ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి.

ఈలోగా ఖాళీ చేయమని ఎవరైనా వస్తే సెక్షన్ 4(5) గుర్తుంచుకోండి. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యే దాకా అటవీ నివాసుల్ని తమ ఆధీనంలోని అటవీ భూమి నుంచి తొలగించకూడదు. ఎస్టీల అటవీ హక్కుల అనుభవానికి అడ్డుపడటం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా.

11. టైటిల్ చేతికి వచ్చిన రోజు

సభ పెట్టి, ఫోటోలు దిగి, ఫ్రేమ్ కట్టించే ముందు కాగితం చదవండి.

☐ పేరు గ్రామసభదేనా? వీఎస్ఎస్, సర్పంచ్, వ్యక్తుల పేరున ఉంటే వెంటనే అభ్యంతరం రాయండి
☐ సామూహిక అటవీ వనరులకు నిబంధనల అనుబంధం-4లోని నమూనాలోనే ఇచ్చారా? అనుబంధం-3 ఒక్కటే వస్తే, ఫారం-బి హక్కులు వచ్చాయి, ఫారం-సి హక్కులు రాలేదని అర్థం
☐ విస్తీర్ణం, హద్దులు మీ మ్యాప్‌తో సరిపోయాయా?
☐ చట్టంలో లేని షరతులు ఏమైనా చేర్చారా?

ఆపై ఈ హక్కును రెవెన్యూ, అటవీ రికార్డుల్లో ఎక్కించాలి. దీనికి గరిష్ఠంగా మూడు నెలల గడువు ఉంది. ఎక్కిన పేజీ నకలు తెచ్చుకోండి. అధికారులు మారినప్పుడు నిలబడేది ఆ పేజీయే.

తర్వాత గ్రామసభ, అడవి రక్షణకు, నిర్వహణకు 4(1)(ఇ) నిబంధన కింద ఒక కమిటీ వేయాలి. ఇది క్లెయిమ్ వేసిన కమిటీకి భిన్నమైనది. నిర్వహణ ప్రణాళిక రాసేది, ఫలసాయానికి రవాణా పర్మిట్లు ఇచ్చేది ఇదే. ఫలసాయంపై రాయల్టీ, ఫీజు వసూలు చేయకూడదు. తెలంగాణకు ఆనుకునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెంఢా-లేఖా అనే గోండు ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై ఈ హక్కు పొందింది. 2011లో తమ వెదురుకు తామే రవాణా పాసులు ఇచ్చుకోవడం మొదలుపెట్టింది. వాళ్లకున్న చట్టమే మనకూ ఉంది.

మొదటి ఏడాది ప్రణాళిక పెద్దదిగా రాయొద్దు. మూడు నాలుగు విషయాలు చాలు: మంటలు రాకుండా ఎవరు ఎప్పుడు కాపలా తిరుగుతారు, ఏ వైపు వెదురు ఈ ఏడు కోయకూడదు, ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టకుండా పువ్వు ఎలా ఏరాలి, బయటివాళ్లు కలప కొడితే ఎవరికి చెప్పాలి. గ్రామసభలో ఆమోదించి, ఒక ప్రతి రేంజ్ ఆఫీసుకు ఇచ్చి రసీదు తీసుకోండి. అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌ను మీ ప్రణాళికతో కలపాలని తర్వాత అడగడానికి ఆ రసీదే మీ మొదటి కాగితం.